సంఘం ఎవరి మాట మీద నడవాలి? – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలం మేము. రైల్వే ఉద్యోగాల కోసం తాతల కాలంలో వచ్చి స్థిరపడినవారు కొందరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఈమధ్య వచ్చినవారు మరికొందరు. ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుకుంటున్నాం. సొంత స్థలం కొందామనుకున్నాక సంఘాన్ని రిజిస్టరు చేయించవలసి వచ్చింది. నియమావళి రాయడానికి కూర్చోగానే భేదాభిప్రాయాలు బయటపడ్డాయి. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, బందరు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు, నరసాపురం బ్రదరన్ వారు, పెంతెకొస్తు విశ్వాసులు మాలో కలిసి ఉన్నారు. బిషప్పు కింద చేరుదామని ఒకరు, పెద్దలు చాలునని ఒకరు, అన్నీ ఓటు మీదే తేలాలని ఇంకొకరు అంటున్నారు. పాస్టరుగారేమో, ‘నన్ను పిలిచింది దేవుడు, కమిటీ కాదు’ అంటున్నారు. లేఖనం ప్రకారం సంఘ పరిపాలన ఎలా ఉండాలి?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

సమాధానం: లేఖనం ప్రకారం అని అడిగారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు జరిగే పంపకంలో సణుగుడు పుట్టినప్పుడు, పన్నెండుమంది అపొస్తలులు తామే ఏడుగురిని నియమించలేదు. మీలో నుంచి ఏర్పరచుకోండని శిష్యుల సమూహానికి చెప్పి, వారు ఎంచినవారి మీద చేతులుంచి ప్రార్థించారు. సంఘమంతా కలిసి నిర్ణయించాలనే బాప్టిస్టులకు ఇది ఆధారం. పద్నాలుగో అధ్యాయంలో పౌలు, బర్నబా ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పాటు చేశారు. పెద్దల మండలి చాలుననేవారు దీన్ని చూపిస్తారు. తీతును క్రేతులో విడిచి, పట్టణం పట్టణానికీ పెద్దలను నియమించమని పౌలు రాశాడు. అనేక సంఘాల మీద ఒకరి పర్యవేక్షణ ఉండాలనే బిషప్పు పక్షానికి అది బలం. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో సున్నతి వివాదం యెరూషలేము సభకు వచ్చినప్పుడు అపొస్తలులు, పెద్దలు కూర్చుని వాదించుకున్నారు, ‘సంఘమంతా’ కలిసి మనుషులను ఎన్నుకుని అంతియొకయకు లేఖతో పంపింది. సినడ్ (సంఘాల ప్రతినిధుల మహాసభ) పద్ధతికి మూలం అక్కడ కనిపిస్తుంది.

అదే గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించిన పౌలు, పరిశుద్ధాత్మ మిమ్మల్ని అధ్యక్షులుగా ఉంచాడని అదే మనుషులతో అంటాడు. అంటే ఆ తరంలో పెద్ద వేరు, అధ్యక్షుడు వేరు అనే విభజన ఇంకా గట్టిపడలేదు. కానీ రెండో శతాబ్దం ఆరంభానికే, హతసాక్షి కావడానికి రోముకు తీసుకుపోబడుతున్న అంతియొకయ ఇగ్నేషియస్ దారిలో రాసిన లేఖల్లో, ఒక్క బిషప్పు, ఆయన చుట్టూ పెద్దలు, వారితో పరిచారకులు ఉన్న సంఘం కనిపిస్తుంది. కనుక బిషప్పుల వ్యవస్థ ఎప్పుడో తర్వాత చొరబడిన కల్తీ అనడం చరిత్రకు అన్యాయం. క్రీస్తు దాన్ని ఆ రూపంలోనే నిలబెట్టి వెళ్ళాడనడం పాఠానికి మించిన మాట. కొత్త నిబంధన మనకు పూర్తి నియమావళి ఏదీ రాసి ఇవ్వలేదని నేను నమ్ముతున్నాను. అయితే అది కొన్ని హద్దులు మాత్రం గట్టిగా గీసింది. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మీ సభ్యులు తెచ్చుకున్న సంప్రదాయాలను కూడా ఒకసారి తూచి చూడండి. లూథరన్ సోదరునికి ఈ చర్చలో పట్టుదల తక్కువగా ఉండటం సహజం. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ప్రకారం, సువార్త శుద్ధంగా ప్రకటింపబడి, బాప్తిస్మం, ప్రభు భోజనం వంటి సంస్కారాలు సరిగా జరిగితే సంఘ ఐక్యతకు చాలును. మనుషులు ఏర్పరచిన పద్ధతులు అంతటా ఒకేలా ఉండనక్కరలేదు. స్వీడన్ లూథరన్లు బిషప్పులను నిలుపుకున్నారు, అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరులో ప్రారంభించిన పరిచర్య బిషప్పు లేకుండానే పెరిగింది. రెండూ లూథరన్ సంఘాలే. బాప్టిస్టులకు ఏ స్థానిక సంఘమైనా క్రీస్తు కింద స్వతంత్రం. కాపరిని పిలవడం, పంపడం, సభ్యులను చేర్చుకోవడం సంఘ కూటమి ఓటు మీద తేలుతుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ప్రాంతంలో, ఆ సిద్ధాంతం ఆచరణలోకి రావడానికి చాలాకాలం పట్టింది. నిర్ణయం సంఘానిదే అని కాగితం మీద ఉన్నా, జీతాలు ఇచ్చే మిషను మాటే చెల్లింది. డబ్బు ఎవరి చేతిలో ఉందో వారి వైపుకే అధికారం జరుగుతుందని మీ నియమావళి రాసేవారు ఆ చరిత్ర నుంచి గ్రహించాలి.

బ్రదరన్ వారు అభిషిక్త గురువుల వర్గాన్నే ఒప్పుకోరు. వరాలున్న సహోదరులు బోధిస్తారు, పెద్దలు కాస్తారు. మీ నగరంలోనే 1941లో భక్తసింగ్ గారు మొదలుపెట్టిన ‘యెహోవా షమ్మా’ సహవాసం, తర్వాత హైదరాబాదు ‘హెబ్రోను’, అక్కడి నుంచి తెలుగునాట వ్యాపించిన అనేక సహవాసాలు పెద్దల పద్ధతినే పాటించాయి. ఆ పద్ధతిలో నాకు నచ్చినది ఒకటి కంటే ఎక్కువమంది బాధ్యులు ఉండటం. బలహీనత ఏమిటంటే, పెద్దలను ఎవరు నియమించాలో, ఎవరు తొలగించాలో రాసిపెట్టుకోని చోట, బలమైన ఒక్క పెద్ద మనిషి మిగిలినవారిని మౌనంలోకి నెట్టగలడు. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో కాపరే స్థాపకుడు. మురికివాడలో ఒక్కడే నిలబడి, భార్య నగలు కుదువపెట్టి గుడిసెలో సంఘం కట్టినవారు ఎందరో ఉన్నారు; కమిటీ తీర్మానాల కోసం ఎదురుచూసి ఉంటే ఆ సంఘాలు పుట్టేవి కావు. ఆ త్యాగాన్ని చిన్నచూపు చూసి మీరు నియమావళి రాయకూడదు.

ఇలాంటి కలయికే ఒకసారి మీ చెన్నైలో పెద్ద ఎత్తున జరిగింది. 1919లో తరంగంబాడిలో కూడిన సభలో, భారతీయ పాస్టర్లే ఎక్కువమంది, విడివిడి సంఘాలుగా ఉండటం సువార్తకు అడ్డమని ఒప్పుకున్నారు. తెలుగునేలపై దోర్నకల్ బిషప్పుగా ఉన్న అజరయ్యగారు – 1912లో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు – ఆ ప్రయత్నానికి ప్రాణంగా నిలిచి, ఫలితం చూడకుండానే 1945లో కన్నుమూశారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు బేరీజు వేసుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ళు చర్చించి, 1947 సెప్టెంబరు 27న సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యారు. ఎక్కువ పేచీ పడింది బిషప్పు విషయంలోనే. చివరికి బిషప్పుల పరంపరను అంగీకరించారు. కానీ బిషప్పు రాజ్యాంగానికి లోబడి ఉండాలన్నారు, ఆయన పక్కన ఎన్నికైన ప్రతినిధులతో డయోసిసన్ కౌన్సిల్‌ను (ఆయన పరిధిలోని సంఘాల మండలిని), అందరి మీదా బిషప్పులు, గురువులు, సామాన్య విశ్వాసులు కలిసి కూర్చునే సినడ్‌ను నిలిపారు. పాత గురువులకు తిరిగి అభిషేకం అక్కరలేదన్నారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన సేవకుణ్ణి రుద్దబోమని ప్రతిజ్ఞ చేసుకున్నారు. స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ అయిన లెస్లీ న్యూబిగిన్ ఆ రోజే బిషప్పుగా నియమితుడై, తర్వాత మద్రాసు బిషప్పుగానూ పనిచేశారు. తన సంప్రదాయంలో లేని పదవిని ఐక్యత కోసం ఒకరు అంగీకరించడం, తన సంప్రదాయంలో తిరుగులేని ఆ పదవికి కళ్ళెం వేయడానికి ఇంకొకరు ఒప్పుకోవడం ఆ రోజు జరిగాయి. మీ నియమావళి కమిటీలో ప్రతి ఒక్కరూ ఇలా ఏదో ఒకటి వదులుకోవలసి ఉంటుంది.

అలా అని ఎన్నికలు పెట్టగానే సమస్య తీరదు. ఆ సంఘంలోనే పదవుల ఎన్నికలపై తగాదాలు పెరిగి, మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తులను పాలనాధికారులుగా నియమించేదాకా వెళ్ళింది. ఆస్తులు, పాఠశాలలు, కళాశాలలు చేతిలో ఉన్న ఏ సంస్థలోనైనా ఓటు ప్రార్థనతో పాటు పైరవీలనూ తెస్తుంది. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ దాచడం తప్పు.

ఇక మీ పాస్టరుగారి మాట. దేవుడు పిలిచాడనడం నిజమే కావచ్చు. అయితే అంతియొకయలో పౌలునూ బర్నబానూ ప్రత్యేకించమని పరిశుద్ధాత్మ చెప్పినప్పుడు, ఉపవాసముండి ప్రార్థించి చేతులుంచి పంపింది సంఘమే. తిరిగి వచ్చాక వారు సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా వివరించారు. పౌలుకే లెక్క చెప్పడం తక్కువతనం కానప్పుడు మనలో ఎవరికీ కాదు. ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అనే 105వ కీర్తన వచనాన్ని ప్రశ్నించేవారి నోరు మూయించడానికి వాడటం చాలాచోట్ల విన్నాను. అక్కడ సందర్భం, పరదేశులుగా తిరిగిన పితరులకు రాజులు కీడు చేయకుండా దేవుడు కాపాడటం. కాపరిపై ఫిర్యాదుకు సంబంధించిన వాక్యం వేరే ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే పెద్ద మీద నింద అంగీకరించమని, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమని ఒకటవ తిమోతి ఐదో అధ్యాయం చెబుతుంది. పనికిమాలిన పుకారు నుంచి కాపరిని కాపాడటం, నిజమైన తప్పు నుంచి సంఘాన్ని కాపాడటం రెండూ అక్కడే ఉన్నాయి. నేను మొదట అన్న హద్దు ఇదే. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని నాయకుడు కొత్త నిబంధనలో ఒక్కచోట కనిపిస్తాడు, మూడో యోహాను పత్రికలో ప్రధానత్వం కోరిన దియొత్రెఫేగా.

నా సలహా ఇది. మీవంటి మిశ్రమ సంఘానికి పెద్దల మండలి తగినది. పాస్టరుగారు అందులో ఒకరుగా, బోధించే బాధ్యతతో ఉండాలి. పెద్దలకు కాలపరిమితి ఉండాలి. వారి పేర్లు ప్రార్థనతో ప్రతిపాదించి, సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. కాపరి నియామకం, తొలగింపు, స్థలం కొనుగోలు, అమ్మకం, అప్పు మండలి ఒక్కటే తేల్చకూడదు, సభ్యుల ముందుకు రావాలి. మండలికీ కాపరికీ మధ్య తగవు వస్తే వినడానికి మీ సంఘంలో సభ్యులు కాని ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులైన సేవకుల పేర్లు ముందే రాసి పెట్టుకోండి. బిషప్పు కావాలన్న మీ బందరు సోదరుని కోరికలో ఉన్న మేలు అంతా ఇందులోకి వస్తుంది. కానుకలు లెక్కపెట్టే పని పాస్టరుగారి ఇంటివారికి అప్పగించవద్దు. యెరూషలేము పేదల కోసం వసూలైన సొమ్మును పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. తనమీద ఎవరూ తప్పు మోపకుండా, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట తీసుకున్నాడని రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. రిజిస్ట్రేషన్ 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద చేయించుకుంటే ఏటా సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రారుకు లెక్కల సమర్పణ చట్టప్రకారమే తప్పనిసరి అవుతాయి. మీరు ఒకరినొకరు అనుమానించి కోరనక్కరలేకుండా చట్టమే ఆ క్రమాన్ని తెచ్చిపెడుతుంది.

ప్రశ్న: మా సంఘం స్థలం ఒక ట్రస్టు పేరున ఉంది. అందులో పాస్టరుగారు, ఆయన భార్య, కుమారుడు మాత్రమే ధర్మకర్తలని ఇటీవలే తెలిసింది. ఆయన తర్వాత కుమారుడే కాపరి అని ప్రకటించారు. మేము అడగవచ్చా?
– వ్యాసర్‌పాడి నుంచి కొందరు విశ్వాసులు

సమాధానం: అడగవచ్చు, అడగాలి. సొసైటీకీ ట్రస్టుకూ తేడా ఇక్కడే ఉంది: ట్రస్టులో తదుపరి ధర్మకర్తలను ఎవరు నియమించాలన్నది దస్తావేజులో ఎలా రాసి ఉంటే అలా నడుస్తుంది, కానుకలిచ్చిన విశ్వాసులకు అందులో ఓటు ఉండనక్కరలేదు. కాబట్టి మొదట స్థలం కొన్న దస్తావేజు నకలు తీసుకుని, ఎవరి పేరున, ఏ ప్రయోజనానికి అని రాశారో చదవండి. తర్వాత ట్రస్టు దస్తావేజు చూపించమని పాస్టరుగారిని ఇంటికి వెళ్ళి గౌరవంగా కోరండి. ఆదివారం కూటమిలో నిలదీయడం మొదటి మెట్టు కాకూడదు. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస మొదట ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, ఆ తర్వాత సంఘానికి.

కుమారుడు కాపరి కావడం దానంతటదే పాపం కాదు. మోషే తర్వాత వచ్చింది అతని కుమారులు కాదు, యెహోషువ. సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించినప్పుడు వారు లంచాలు పుచ్చుకుని న్యాయం తప్పారు. పిలుపు రక్తంలో దిగిరాదని ఈ రెండు సంగతులూ చెబుతాయి. ఆ యువకునికి వాక్యజ్ఞానం, మంచి సాక్ష్యం ఉంటే సంఘం పరీక్షించి ఆమోదించనివ్వండి. అప్పుడు ఆయన సేవకూ గౌరవం ఉంటుంది.

ఇంకొక మాట మీరు మీతో అనుకోవలసింది. సంఘం స్థలాన్ని ఇంటి పేరున ఉంచుకునే కాపరులందరూ ఆశపోతులు కారు. పింఛను లేదు, సొంత ఇల్లు లేదు, మూలపడితే చూసే దిక్కు లేదు. చాలామందిని ఆ భయం నడిపిస్తుంది. పనివాడు తన జీతానికి పాత్రుడని చెప్పిన వాక్యాన్ని మనం ఎన్నేళ్ళు పక్కన పెట్టాం? ధర్మకర్తల మండలిలో సభ్యుల ప్రతినిధులను చేర్చమని మీరు కోరే రోజునే, ఆయనకూ ఆయన భార్యకూ నెలనెలా వృద్ధాప్య భృతి, జీవితాంతం నివాసం రాతపూర్వకంగా ఇస్తామని చెప్పండి. ఆ మాట లేకుండా మొదలైన చర్చలు సంఘం చీలిపోవడంతో ముగియడం నేను చూశాను.

ప్రశ్న: కాథలిక్కులమైన మాకు విచారణ (స్థానిక సంఘం) గురువును ఎన్నుకునే హక్కు లేదు, తొలగించే హక్కు లేదు. మా మాటకు విలువ ఏముంది?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

సమాధానం: మీ సంఘ విశ్వాసంలో అధికారం కింది నుంచి ఓటుగా పైకి వెళ్ళేది కాదు, అపొస్తలుల నుంచి మేత్రాణుల (బిషప్పుల) ద్వారా వచ్చే అప్పగింత. 1870 నాటి మొదటి వాటికన్ మహాసభ పోపుగారి అధికారాన్ని నొక్కి చెబితే, రెండో వాటికన్ మహాసభ 1964లో మేత్రాణులందరూ ఆయనతో కలిసి ఒక మండలిగా సంఘాన్ని నడిపిస్తారని దానికి తోడుమాట చేర్చింది. విచారణ స్థాయిలో 1983 నాటి ధర్మశాస్త్ర సంహిత (కాథలిక్ సంఘ చట్టాల సంపుటి) విచారణ మండలికి (పాస్టరల్ కౌన్సిల్) సలహా చెప్పే స్థానమే ఇచ్చింది. అయితే ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండితీరాలని అదే సంహిత ఆదేశిస్తోంది. మీ విచారణలో అది ఉందా, కూడుతోందా, లెక్కలు విశ్వాసులకు చెబుతోందా అని అడగడం తిరుగుబాటు కాదు, చట్టాన్ని పాటించమని కోరడమే. 2023 అక్టోబరులో రోములో జరిగిన సినడ్ సభలో సామాన్య విశ్వాసులు, స్త్రీలు కూడా తొలిసారి ఓటు వేశారు. 2024లో వెలువడిన దాని చివరి పత్రం పారదర్శకతనూ జవాబుదారీతనాన్నీ గట్టిగా కోరింది. సలహా మాత్రమే అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. పదిమంది రాతపూర్వకంగా ఇచ్చి, సమావేశపు పుస్తకంలోకి ఎక్కిన సలహాను ఏ గురువూ కారణం చెప్పకుండా సులభంగా తోసిపుచ్చలేరు.

ప్రశ్న: మా సహవాసంలో ఆరాధనకు వచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ. కానీ నియమావళి ముసాయిదాలో పెద్దలుగా పురుషులే ఉండాలని రాశారు. ఇది సరైనదేనా?
– ఒక సోదరి, వేళచ్చేరి

సమాధానం: ఈ విషయంలో దైవభక్తిగలవారే రెండు పక్షాలుగా ఉన్నారు. ఉపదేశించడానికీ పురుషునిపై అధికారం చేయడానికీ స్త్రీకి సెలవివ్వనని ఒకటవ తిమోతి రెండో అధ్యాయంలో ఉన్న మాటను బ్రదరన్ వారు, మరికొందరు అన్ని కాలాలకూ ఆజ్ఞగా తీసుకుంటారు. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను, అపొల్లోకు దేవుని మార్గం మరింత పూర్తిగా విశదపరచిన ప్రిస్కిల్లను చూపించి, ఆ ఆజ్ఞ ఎఫెసు పరిస్థితికి సంబంధించినదని ఇతరులు అంటారు. కాథలిక్ సంఘం గురుపదవిని పురుషులకే ఉంచింది. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలను గురువులుగా అభిషేకించి, 2013లో పుష్పలలితగారిని నంద్యాల డయోసిసుకు తన తొలి మహిళా బిషప్పుగా నియమించింది. నా మట్టుకు ఫీబే, ప్రిస్కిల్లల సాక్ష్యమే బరువుగా తోస్తుంది. కానీ మీ సహవాసంలో ఎక్కువమంది మనస్సాక్షి ఇంకా ఒప్పుకోకపోతే, పెద్దరికం ప్రశ్నపై సంఘం చీలే కంటే కొంతకాలం ఆగడం నయం.

అయితే ఆగకూడనివి ఉన్నాయి. లెక్కల కమిటీలో, పేదల సహాయ కమిటీలో, పిల్లల పరిచర్యలో, అన్నిటికంటే ముఖ్యంగా కాపరిపైనో పెద్దపైనో ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే వినే కమిటీలో స్త్రీలు ఉండాలనడానికి ఏ పక్షం వాక్యమూ అడ్డురాదు. ముసాయిదాలో ఇంకొక చిన్న మాటను కూడా జాగ్రత్తగా చూడండి. చాలా తెలుగు సంఘాల్లో సభ్యత్వ పట్టిక కుటుంబాల వారీగా ఉంటుంది, ఓటు ఇంటి యజమానికే దక్కుతుంది. మీ పట్టికలో బాప్తిస్మం పొందిన ప్రతి వ్యక్తి పేరూ విడిగా రాయించండి; పెద్దలు ఎవరు కావచ్చన్న నిబంధన సర్వసభ్య సమావేశానికి వచ్చిన రోజున అప్పుడు మీ ఓటు మీదే అవుతుంది.